ఉప్పునీటి చేపల తొట్టెకి ప్రోటీన్ స్కిమ్మర్: డ్రెయిన్ పైపు ఎలా కలపాలి, ఆ మురికి మడిలోకి ఎందుకు పోకూడదు



ప్రకృతి వ్యవసాయం గురించి రాసేచోట ఉప్పునీటి చేపల తొట్టె ఏంటి అని మీకు అనిపించొచ్చు. మిరప నారు పోగొట్టుకున్నాక నేర్చుకున్న సంగతి ఇది. అందుకే ఇక్కడే రాస్తున్నాను. వీడియోలో పైపులు బిగించడం చూపించాం. ఎందుకలా బిగించాలో, లెక్కలేంటో ఇందులో వివరంగా చెప్తాను.

మాది తుళ్లూరు. 2015లో పొలం పూలింగులో ఇచ్చాక మా ఊళ్లో చాలామందికి పెరటి మడులూ, కౌలుకి తీసుకున్న చెక్కలే మిగిలాయి. మేమూ అంతే. అర ఎకరం మిరప కోసం పెరట్లో అర సెంటు నారుమడి పోసుకున్నాం. బీజామృతంతో విత్తనశుద్ధి చేసి, ఎత్తు మడి కట్టి, జీవామృతం పోసి పెంచిన నారు. ఇంకో పది రోజుల్లో పీకి నాటాలి.

అదే ఇంట్లో ముందు గదిలో మా తమ్ముడి కొడుకు ఉప్పునీటి చేపల తొట్టె పెట్టాడు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. దానికి ప్రోటీన్ స్కిమ్మర్ తెచ్చి డ్రెయిన్ పైపుకి కలిపాడు. స్కిమ్మర్ కప్పులో చేరే మురికిని రోజూ పారబోయడం ఎందుకని, కప్పు అడుగునుంచి సన్నపైపు తీసి పెరటి కాలువలోకి వదిలాడు. ఆ సలహా ఇచ్చింది నేనే. "చేపల మురికి కదరా, మొక్కలకి బలం" అన్నాను. ఆ కాలువ అరటి పాదుల మీదుగా నారుమడి చివరికి పోతుంది.

ఒక రాత్రి కరెంటు పోయి తెల్లవారుజామున వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి స్కిమ్మర్ కప్పు నిండి పొర్లుతూనే ఉంది. మేము లేచి చూసేసరికి నలభై లీటర్ల దాకా ఉప్పునీళ్లు మడిలోకి పోయాయి. రెండు రోజుల్లో ఆ చివర నారు ఆకుల కొసలు మాడాయి, నాలుగో రోజుకి తలలు వాల్చేశాయి. సగం నారు పోయింది. తొట్టెలో పగడాలు కూడా ముడుచుకుపోయాయి. అదెందుకో కింద చెప్తాను.

తప్పులు రెండు. ఒకటి పైపు కలపడంలో, ఇంకోటి మురికి ఎటు పోవాలన్న ఆలోచనలో. ఒకదాని తర్వాత ఒకటి చూద్దాం.

స్కిమ్మర్ చేసే పని ఏంటి

బెల్లం వండేచోట చూసుంటారు కదా. చెరుకు రసం మరిగేటప్పుడు మురికంతా నురగతో పాటు పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో తీసి పారేస్తే బెల్లం రంగు తేరుతుంది. స్కిమ్మర్ చేసేది కూడా అదే పని. మంట బదులు గాలి వాడుతుంది.

చేపలు తిని వదిలిన మేత, రెట్ట, వాటి ఒంటి జిగురు, చచ్చిన పాచి, వీటన్నిట్లో ప్రోటీన్లు, కొవ్వులు ఉంటాయి. ఈ అణువులకి ఒక చివర నీళ్లంటే ఇష్టం, ఇంకో చివర నీళ్లంటే పడదు. పడని చివర గాలి బుడగ వైపు తిరిగి అతుక్కుంటుంది. సన్నటి బుడగలు లక్షల్లో పైకి లేస్తుంటే, వాటితో పాటు మురికి కూడా గొట్టం మెడ దాకా ఎక్కి, నురగగా మారి, పైన కప్పులో పడుతుంది. కుళ్లి అమ్మోనియాగా మారకముందే మురికిని నీళ్లలోంచి బయటికి తీసేయడం దీని గొప్పదనం. రొయ్యల హేచరీల్లో, నీటిని తిప్పి వాడే చేపల పెంపకంలో కూడా ఇదే సూత్రం మీద పెద్ద స్కిమ్మర్లు వాడతారు.

అలాగని అన్నీ తీసేయదు. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కెన్ ఫెల్డ్‌మన్ 2009 ప్రాంతంలో రకరకాల స్కిమ్మర్లు పెట్టి కొలిచి చూశారు. నీళ్లలో ఉన్న సేంద్రియ కార్బన్‌లో సుమారు మూడో వంతు వరకే అవి తీయగలిగాయి. మిగతాది రాళ్ల మీద, ఇసుకలో ఉండే సూక్ష్మజీవులే చూసుకోవాలి. మన నేలలో లాగే అక్కడా అసలు పని సూక్ష్మజీవులదే.

మంచినీటి చేపల తొట్టెకి స్కిమ్మర్ పెట్టొచ్చా అని అడుగుతుంటారు. పెట్టినా పెద్దగా పనిచేయదు. మంచినీళ్లలో బుడగలు ఒకదానికొకటి తగలగానే కలిసిపోయి పెద్దవై, గబుక్కున పైకి వచ్చి పగిలిపోతాయి. ఉప్పు ఉంటే అలా కలవవు, సన్నగానే ఉండిపోతాయి. సూర్యలంక ఒడ్డున అలలు విరిగినప్పుడు నురగ ఎంతసేపు నిలుస్తుందో, మన కాలువలో తూము దగ్గర నురగ ఎంత త్వరగా చెదిరిపోతుందో గుర్తు తెచ్చుకోండి. మంచినీటి తొట్టె నీళ్లని శుభ్రంగా ఉంచడానికి మొక్కలు సాయపడతాయి. ఆ నీళ్లు నిశ్చింతగా కూరమడికి పెట్టుకోవచ్చు. ఈ వ్యాసంలో చెప్పే జాగ్రత్తలన్నీ ఉప్పునీటి తొట్టె గురించే.

తూము, అలుగు: పైపు కలపడంలో అసలు కిటుకు

ముందు నీళ్ల దారి చూద్దాం. తొట్టెలో పై నీళ్లు దువ్వెన పళ్లలాంటి గట్టు దాటి ఒక మూల అరలోకి పడతాయి. అక్కణ్ణుంచి డ్రెయిన్ పైపు కిందికి దిగి, తొట్టె కింద ఉన్న చిన్న తొట్టెలోకి వస్తుంది. దీన్ని సంపు అంటారు. మన ఇళ్లలో భూమిలో కట్టుకునే సంపు వేరు, ఇది అరవై డెబ్బై లీటర్ల గాజు పెట్టె. సంపు చివర ఉన్న మోటారు నీళ్లని మళ్లీ పైకి ఎక్కిస్తుంది. పైనుంచి కిందికి దిగే నీళ్లలోనే మురికి ఎక్కువ. అందుకే దిగే దారిలోనే స్కిమ్మర్ పెడతారు.

స్కిమ్మర్లలో రెండు రకాలున్నాయి. మొదటి రకం సంపులోనే కూర్చుని, తన మోటారుతో తనే సంపులోని నీళ్లు లాక్కుంటుంది. దీనికి పైపు కలపక్కర్లేదు. డ్రెయిన్ పైపు ఏ అరలో పడుతుందో ఆ అరలో స్కిమ్మర్ పెట్టి, అక్కడ నీటి మట్టం మారకుండా అడ్డగోడ ఉంటే చాలు. రెండో రకంలో మోటారు స్కిమ్మర్ లోపలి నీళ్లనే తిప్పి తిప్పి గాలి కలుపుతుంది. లోపలికి కొత్త నీళ్లు మాత్రం బయటినుంచి మనం అందించాలి. డ్రెయిన్ పైపుకి కలిపేది ఈ రెండో రకమే.

ఇప్పుడు మన ఊరి చెరువు గుర్తు తెచ్చుకోండి. చెరువుకి తూము ఉంటుంది, అలుగు ఉంటుంది. పొలానికి ఎన్ని నీళ్లు కావాలో తూముతో వదులుతాం. మిగతా నీళ్లు అలుగు మీదుగా వాటంతట అవే పోతాయి. తూముకి తలుపు ఉంటుంది, అలుగుకి ఉండదు. అలుగుకి తలుపు పెట్టి మూస్తే కట్ట తెగుతుంది.

డ్రెయిన్ పైపుకి స్కిమ్మర్ కలపడం అచ్చంగా ఇదే. దిగే పైపు మధ్యలో ఒక టీ వేయాలి. నిటారుగా కిందికి పోయే కొస స్కిమ్మర్‌కి పోతుంది, ఇది తూము. టీ పక్క కొమ్మ సంపులోకి పోతుంది, ఇది అలుగు. నీళ్లు ముందు కింది పైపు నింపి, టీ మట్టం దాకా లేచి, మిగిలినవి పక్క కొమ్మలోంచి సంపులో పడతాయి. కాబట్టి పై మోటారు వేగం కాస్త అటూ ఇటూ అయినా, స్కిమ్మర్ మీద ఉండే నీటి ఒత్తిడి మారదు. స్కిమ్మర్‌కి కావలసింది ఈ నిలకడే. లోపలి మట్టం అర అంగుళం పెరిగినా నురగ బదులు నీళ్లే కప్పులోకి ఎక్కుతాయి.

మా వాడు ఏం చేశాడంటే, స్కిమ్మర్‌కి ఎక్కువ నీళ్లు పోతే ఎక్కువ శుభ్రం అవుతుందని అలుగు కొమ్మకి కూడా వాల్వ్ పెట్టి సగం మూశాడు. మామూలు రోజుల్లో ఎలాగో నడిచింది. కరెంటు వచ్చిన తెల్లవారుజామున మోటారు ఒక్కసారిగా ఎత్తుకుంది. సగం మూసిన అలుగు చాలక, నీళ్లన్నీ స్కిమ్మర్ మీద పడ్డాయి. మెడ దాటి కప్పు, కప్పు దాటి పెరడు, పెరడు దాటి నారుమడి. చెరువు కట్ట తెగిన కథే, కాకపోతే ముందు గదిలో తెగింది.

సామాను, కొలతలు

మా తొట్టె 255 లీటర్లు. మీ తొట్టెని బట్టి లెక్క మార్చుకోండి.

పై మోటారు గంటకి తొట్టె నీళ్లకి నాలుగైదు రెట్లు, అంటే 1000 నుంచి 1200 లీటర్లు తిప్పితే చాలు. స్కిమ్మర్‌కి అందులో మూడో వంతు, గంటకి 300 నుంచి 400 లీటర్లు పోతే సరిపోతుంది. ఎక్కువ పంపితే బుడగకి మురికి అతుక్కునే టైము దొరకదు.

డ్రెయిన్ పైపు ఒకటింపావు అంగుళం యూపీవీసీ వేయండి. స్కిమ్మర్‌కి దిగేది ముప్పావు అంగుళం చాలు. అలుగు కొమ్మ మాత్రం డ్రెయిన్ పైపు ఎంత ఉందో అంతే ఉండాలి, సన్నం చేయకూడదు. మూల అరలోనే ఇంకో డ్రెయిన్ పైపు, మొదటిదానికంటే అంగుళం ఎత్తులో పెట్టుకోండి. మొదటి పైపులో నత్తో, ఆకో అడ్డం పడినా ఇది కాపాడుతుంది. దీనికి ఏ వాల్వూ వద్దు, తిన్నగా సంపులోకి వదిలేయండి.

టీ ఎంత ఎత్తులో వేయాలి? స్కిమ్మర్ లోపల నీళ్లు ఏ మట్టంలో ఉండాలో దాని గొట్టం మీద గీత ఉంటుంది. ఆ గీతకి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు పైన టీ కొమ్మ రావాలి. అంతకంటే కింద వేస్తే నీళ్లు స్కిమ్మర్‌లోకి సరిగా దిగవు. టీ పైభాగాన పైపుకి సన్న బెజ్జం పెట్టండి. గాలి బయటికి పోయే దారి లేకపోతే పైపు గుడగుడమంటూ ఆగి ఆగి వదులుతుంది, స్కిమ్మర్ మట్టం ఊగుతుంది.

తూముకి బాల్ వాల్వ్ కంటే గేట్ వాల్వ్ మంచిది, వెంట్రుకవాసి తేడాతో తిప్పుకోవచ్చు. అయితే ఒక జాగ్రత్త. హార్డ్‌వేర్ షాపులో గేట్ వాల్వ్ అడిగితే చాలాచోట్ల ఇత్తడిది చేతికిస్తారు. వద్దు. ఇత్తడిలో రాగి ఉంటుంది. మైలతుత్తం తెగుళ్లని ఎలా చంపుతుందో మనకి తెలుసు. ఉప్పునీటి తొట్టెలో పగడాలు, రొయ్యలు, నత్తలు కూడా రాగికి తట్టుకోలేవు. ప్లాస్టిక్ గేట్ వాల్వే వాడండి. జీఐ ఫిట్టింగులు, ఇనుప క్లాంపులు కూడా నీళ్లు తగిలేచోట పెట్టొద్దు.

స్కిమ్మర్ ముందు ఒకటి, వెనక ఒకటి యూనియన్ వేసుకోండి. కడగాలంటే పైపు కోయక్కర్లేకుండా విప్పుకోవచ్చు. అతుకులకి సొల్యూషన్ రాశాక ఒక రోజంతా ఆరనిచ్చి, మంచినీళ్లు పోసి కడిగి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడే ఉప్పునీళ్లు ఎక్కించండి.

స్కిమ్మర్‌లోంచి శుభ్రమైన నీళ్లు బయటికొచ్చే పైపు, లోపలికి వెళ్లే పైపు కంటే లావుగా ఉండాలి. దాని కొస సంపు నీటి మట్టానికి పైన గానీ, ఒక అంగుళం లోపల గానీ ఆగాలి. లోతుకి ముంచితే నీళ్లు ఎదురు తన్ని మట్టం పెరుగుతుంది.

స్కిమ్మర్‌ని సంపు పక్కన నేల మీద పెట్టకండి. సంపు లోపలే ఒక బల్ల వేసి దాని మీద పెట్టండి. ఎప్పుడైనా పొర్లితే ఆ నీళ్లు సంపులోనే పడతాయి, ఇల్లు తడవదు, ఉప్పు బయటికి పోదు. మా రెండో ప్రయత్నంలో చేసిన ముఖ్యమైన మార్పు ఇదే.

కరెంటు పోతే ఏమవుతుంది

మోటారు ఆగగానే పై తొట్టెలో గట్టు దాకా ఉన్న నీళ్లు కిందికి దిగుతాయి. మా తొట్టెలో అంగుళం మట్టానికి 14 లీటర్లు. నీళ్లు పైకి ఎక్కే పైపు కొస ఎంత లోతున ఉందో అంత మట్టం వెనక్కి లాగుతుంది. అందుకే ఆ పైపుకి నీటి మట్టానికి కొంచెం కింద ఒక బెజ్జం పెడితే, గాలి దూరి లాగడం ఆగిపోతుంది. ఈ నీళ్లు, పైపుల్లో ఉన్నవి, స్కిమ్మర్‌లోంచి దిగేవి, అన్నీ కలిపి 25 నుంచి 30 లీటర్లకి సంపులో ఎప్పుడూ ఖాళీ ఉండాలి.

అంతా బిగించాక మూడుసార్లు పరీక్ష పెట్టండి. మెయిన్ ఆపండి, పది నిమిషాలు ఆగండి, మళ్లీ వేయండి, పావుగంట పక్కనే కూర్చుని చూడండి. మూడుసార్లూ కప్పులోకి నీళ్లు ఎక్కకపోతేనే ఆ రాత్రి నిద్రపోండి. మేము ఈ పరీక్ష పెట్టకుండానే నిద్రపోయాం.

నడిపించేటప్పుడు

మొదట స్కిమ్మర్ బయటి వాల్వ్ పూర్తిగా తెరిచి, తూము వాల్వ్ పావు వంతు తెరవండి. అలుగులోంచి ఎప్పుడూ నీళ్లు పడుతూనే ఉండాలి. సన్నధారైనా సరే, ఆగకూడదు. అలుగు ఆగిందంటే తూము ఎక్కువ తాగుతోందని అర్థం. లోపలి మట్టాన్ని రోజుకి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ, నురగ మెడలో గట్టిపడి, మెల్లగా కప్పులోకి జారేలా చేసుకోండి. కొత్త స్కిమ్మర్ కుదురుకోవడానికి వారం, పది రోజులు పడుతుంది. తొందరపడొద్దు.

మన రైతులకి ప్రత్యేకంగా ఒక మాట. వేపనూనె కలిపిన చేతులతో, అగ్నిఅస్త్రం కొట్టి వచ్చిన చేతులతో తొట్టెలో చెయ్యి పెట్టకండి. నూనె తగిలితే నురగ చచ్చిపోతుంది, ఒకటి రెండు రోజులు లేవదు. అగ్నిఅస్త్రంలో పొగాకు కూడా ఉంటుంది, అది చేపలకి విషం. స్కిమ్మర్ గదిలో గాలినే పీల్చుకుంటుంది కాబట్టి ఆ గదిలో దోమల మందులు కూడా కొట్టొద్దు.

మెడ లోపల జిడ్డు పేరుకుంటే నురగ ఎక్కదు. వారానికి రెండుసార్లు గుడ్డతో తుడవండి, సబ్బు వద్దు.

కప్పులో మురికి ఎరువు అవుతుందా

ఇక రెండో తప్పు సంగతి. మన పద్ధతిలో ఏదీ వృథా కాదు, అన్నీ నేలకే తిరిగి వెళ్లాలి అంటాం. పేడ, మూత్రం, ఆకు, తౌడు, చేపల కడుగు, అన్నీ. కప్పులో నల్లటి మురికి చూస్తే ఎవరికైనా "ఇది మంచి ఎరువు" అనిపిస్తుంది. వాసన కూడా అలాగే ఉంటుంది. కానీ ఆ కప్పులో ఉన్నదాంట్లో మురికి కొంచెమే, మిగతాదంతా సముద్రపు నీళ్లే.

లెక్క చూడండి. సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. నలభై లీటర్లంటే 1 కిలో 400 గ్రాములు. మా నారుమడి చివర్లోకి ఒక్క తెల్లవారుజామున పోయింది అంత ఉప్పు. ఏ రైతైనా నారుమడిలో కిలోన్నర ఉప్పు చల్లుకుంటాడా?

నీళ్లలో ఉప్పుని కొలిచే ఈసీ మీటరు లెక్కలో సముద్రపు నీళ్లు సుమారు 50 డెసీసీమెన్లు ఉంటాయి. సాగునీటికి రెండూ, రెండుంపావు దాటితేనే ప్రమాదం అంటారు. మిరప ఉప్పుకి చాలా సున్నితం. ఎఫ్ఏవో పట్టికల ప్రకారం నేల ఈసీ 1.5 దాటాక, పెరిగే ఒక్కో యూనిట్‌కి మిరప జాతి దిగుబడి సుమారు 14 శాతం పడిపోతుంది. పత్తి అయితే 7.7 దాకా ఓర్చుకుంటుంది. పక్కపక్క చేలల్లో పత్తి నిలబడి మిరప మాడిపోవడం చౌడు తగిలిన నేలల్లో మనం చూసేదే.

పైగా మనది నల్లరేగడి. ఉప్పులోని సోడియం మట్టిరేణువుల్ని పట్టుకుని ఉన్న కాల్షియాన్ని తోసేసి ఆ చోట కూర్చుంటుంది. అప్పుడు మట్టి గుల్లదనం పోయి, తడిస్తే జిగురు, ఎండితే పెంకు అవుతుంది. ఇసుక నేలైతే నాలుగు వానలకి ఉప్పు కిందికి దిగిపోతుంది. రేగడిలో నీళ్లు దిగవు, ఉప్పూ దిగదు. వానపాములు ముందే చచ్చిపోతాయి.

జీవామృతం పోస్తే సర్దుకుంటుందిలే అని నేనూ అనుకున్నాను. సర్దుకోదు. సూక్ష్మజీవులు ఆకుని, పేడని కుళ్లబెడతాయి గానీ సోడియాన్ని తినలేవు. ఉప్పు పోవాలంటే నీళ్లతో కడిగి కిందికో పక్కకో పంపాలి, లేదా జిప్సం వేసి సోడియాన్ని విడిపించి కడగాలి. చిన్న మడి కాబట్టి మేము ఆ చివర జానెడు లోతు మట్టి తవ్వి తీసేసి, కొత్త మట్టి, ఘనజీవామృతం నింపుకున్నాం. ఎకరంలో జరిగితే అలా తవ్వగలమా?

పెద్ద ఎత్తున ఇది మన తీరంలో జరిగిందే. రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు పక్క పొలాల్లోకి, మంచినీటి బావుల్లోకి చేరుతున్నాయన్న గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1996 డిసెంబరులో జగన్నాథన్ కేసులో తీర్పు వచ్చింది. తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేశారు. వ్యవసాయ భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని నిబంధనల్లో పెట్టారు. మన ముందు గదిలో తొట్టె దానిముందు చీమంత. కానీ పెరడు కూడా దానికి తగ్గట్టు చిన్నదే కదా.

మరి తొట్టెలో పగడాలెందుకు చచ్చాయి

మా సంపుకి మంచినీటి ట్యాంకునుంచి ఒక ఫ్లోట్ వాల్వ్ పెట్టాం, ఆవిరైన నీళ్లు భర్తీ అవుతాయని. స్కిమ్మర్ ఉప్పునీళ్లు బయటికి తోస్తుంటే, ఫ్లోట్ వాల్వ్ మట్టం తగ్గిందనుకుని మంచినీళ్లు పోస్తూ పోయింది. నలభై లీటర్లు అటు, నలభై లీటర్లు ఇటు. తెల్లారేసరికి లీటరుకి 35 గ్రాములున్న ఉప్పు 29.5కి దిగింది. పైకి మట్టం సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. బయట ఉప్పు ఎక్కువై నారు, లోపల ఉప్పు తక్కువై పగడాలు, ఒకే పైపు వల్ల దెబ్బతిన్నాయి.

ఇప్పుడు ఫ్లోట్ వాల్వ్‌ని పెద్ద ట్యాంకుకి కాకుండా పది లీటర్ల డబ్బాకి కలిపాం. ఏం జరిగినా పది లీటర్లకి మించి మంచినీళ్లు దిగవు.

మురికిని ఎక్కడికి పంపాలి

కప్పు పైపుని ఐదు లీటర్ల మూత డబ్బాలోకి పెట్టండి. మూత గట్టిగా బిగించి, గాలికోసం మూతకి సన్న గొట్టం అతికించి, దాని కొసని కప్పు అంచుకంటే ఎత్తులో కట్టండి. డబ్బా నిండితే నీళ్లు పైపులో వెనక్కి లేచి, కప్పు నిండి, సంపులోకే పొర్లుతాయి. మురికి కొంచెం తిరిగి కలుస్తుంది గానీ ఉప్పునీళ్లు బయటికి పోవు.

నురగని గట్టిగా, పొడిగా తీయండి. రోజుకి 150 మిల్లీలీటర్ల చిక్కటి మురికి వస్తే ఏడాదికి రెండు కిలోల లోపు ఉప్పు బయటికి పోతుంది. పల్చగా అరలీటరు చొప్పున తీస్తే ఆరు కిలోలు దాటుతుంది. చిక్కగా తీస్తే ఉప్పు కొనే ఖర్చూ తగ్గుతుంది.

దీనికంటే పెద్ద లెక్క నీళ్లు మార్చడంలో ఉంది. వారానికి 25 లీటర్లు మారిస్తే వారానికి 875 గ్రాములు, ఏడాదికి 45 కిలోల ఉప్పు. దాదాపు ఒక బస్తా! "పక్కన పోసేద్దాంలే" అని అరటి పాదులో పోసేవాళ్లు ఏడాదికి బస్తా ఉప్పు పోస్తున్నట్టే. స్కిమ్మర్ కుదురుగా నడవడం మొదలయ్యాక, నీళ్లు పరీక్షించుకుంటూ, మేము పదిహేను రోజులకి 15 లీటర్లకి తగ్గించాం. ఏడాదికి సుమారు 13 కిలోలకి దిగింది. స్కిమ్మర్ సరిగ్గా కలిపితే పెరటికి కలిగే అసలు మేలు ఇదే.

ఆ 15 లీటర్లని డాబా మీద టార్పాలిన్ పరిచిన వెడల్పాటి తొట్టిలో ఎండబెడుతున్నాం. మన గుంటూరు ఎండలకి నాలుగైదు రోజుల్లో ఆరిపోతుంది. వానల్లో పైన రేకు కప్పాలి, లేకపోతే వాన నింపి పొర్లించేస్తుంది. మిగిలిన ఉప్పుని సంచిలో కట్టి చెత్తబండికి ఇస్తాం. బోరు పక్కన ఇంకుడుగుంతలోకి మాత్రం ఎప్పుడూ వదలకండి, తాగే నీళ్లలోకే చేరుతుంది. కొబ్బరి ఉప్పుని ఓర్చుకుంటుంది కదా అని కొందరు అడిగారు. చెట్టు ఓర్చుకుంటుంది, కానీ దాని కింది రేగడి, దాని పక్కన మీ కూరమొక్కలు ఓర్చుకోవు.

చివరిగా, మీ ఇంట్లో ఎవరైనా ఉప్పునీటి తొట్టె పెడతానంటే వద్దనకండి. పిల్లలకి నీటి గురించి, సూక్ష్మజీవుల గురించి నేర్పే మంచి బడి అది. అలుగుకి తలుపు పెట్టొద్దని, ఉప్పుకి పెరటి దారి చూపించొద్దని మాత్రం ముందే చెప్పండి. టీ అతకడం, గేట్ వాల్వ్ తిప్పే తీరు, మెయిన్ ఆపి చేసే పరీక్ష వీడియోలో వరుసగా ఉన్నాయి. పైపులు కోసేముందు ఒకసారి చూసుకోండి.

మేము ఆ ఏడాది మళ్లీ నారు పోసి, మూడు వారాలు ఆలస్యంగా నాటుకున్నాం. ఇప్పుడు తొట్టె ముందు గదిలో ఉంది, నారుమడి పెరట్లో ఉంది, రెండింటి మధ్యా పైపు లేదు.